ఏడో గదికి మంచినీళ్లు

మా పుట్టింట్లో గడప తొక్కిన వాళ్లెవరికైనా ముందు గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు. గ్యాసు సిలిండరు తెచ్చినతనికీ ఇచ్చేవాళ్లు, సిలిండరు ఎందుకు ఆలస్యమైందన్న తగువు ఆ తర్వాత పెట్టుకునేవాళ్లు. మా అమ్మ ఎంత నోరున్న మనిషైనా ఎదుటివాళ్లు గ్లాసు కింద పెట్టేదాకా ఆగేది. నాకు ఆ నోరు వచ్చింది, ఆ ఆగడం రాలేదు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. తర్వాత జరిగినదాంట్లో నా జాలి ఎంత, నా మొండితనం ఎంత అని ఇప్పటికీ లెక్కేసుకుంటూనే ఉన్నాను.

మేము ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ వచ్చింది రెండువేల ఎనిమిదిలో. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పిన నేను ఇక్కడ ఒక స్కూలు ల్యాబులో పరీక్షనాళికలు కడిగి, సీసాలకు లేబుళ్లు అంటించే పనిలో కుదిరాను. లేబుల్ లేని సీసా కనిపిస్తే టీచర్లని కూడా వదిలేదాన్ని కాదు. ఇది కూడా గుర్తుంచుకోండి.

మా అమ్మాయి డాక్టరు కావాలనుకుంది. మన వాళ్లెవరికి చెప్పినా నావైపు చూసి నవ్వేవాళ్లు, ఆ కోరిక నాదేనని. నేను ఫార్మసీ చదవమని ఏడాదిపాటు దానితో వాదించి ఓడిపోయాను. అది నాతో వాదించి గెలిచింది ఆ ఒక్కసారే అనుకునేదాన్ని.

ఇక్కడ మార్కులొక్కటే చాలవు. మనుషుల మధ్య పని చేశావా, ముసలివాళ్ల పక్కన కూర్చున్నావా, ట్రేలు మోశావా, దాంట్లో నువ్వు నేర్చుకున్నదేమిటి అని అడుగుతారు. చేసినట్టు ఆ చోటివాళ్లు ఒక ఉత్తరం రాసివ్వాలి. మెడిసిన్ దరఖాస్తు అక్టోబరు నడిమికల్లా వెళ్లిపోవాలి. రెండువేల పదిహేను వేసవిలో మా ఇంట్లో అందరం ఆ ఉత్తరం చుట్టూనే తిరిగాం.

చోటు చూపించింది ఒక తెలుగు నర్సు. ఒంగోలు దగ్గర మిషన్ ఆసుపత్రిలో పదేళ్లు చేసి వచ్చింది. ఇక్కడ నర్సుగా రిజిస్ట్రేషన్ ఇంకా రాక, ముసలివాళ్లని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌గా చేస్తోంది. మేము సిస్టర్ అనే పిలిచేవాళ్లం, మా అమ్మాయికి సిస్టర్ ఆంటీ. ఆవిడ మేనేజరుతో మాట్లాడి ఆదివారాలు మా అమ్మాయిని వాలంటీరుగా పెట్టించింది. మా పేటనుంచి ఆదివారం పొద్దున బస్సు ఉండేది కాదు కాబట్టి నేనే కారులో దింపేదాన్ని.

అమ్మాయికి ఒక నోటుపుస్తకం ఉండేది. ప్రతి ఆదివారం చూసింది, చేసింది, నేర్చుకుంది అందులో రాసుకోవాలి. దరఖాస్తుకి పనికొస్తుందని ఆ పుస్తకం నేను ఎర్ర పెన్నుతో దిద్దేదాన్ని. "ఏడో గది: సిస్టర్ ఆంటీ పౌడరు మూడు చెంచాలు, మట్టంగా. కలిపి రెండు నిమిషాలు ఆగాలి" అని ఇంగ్లీషులో రాసేది. ఎవరికి కావాలి నీ వంటల పుస్తకం అని దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన 'సహానుభూతితో సంభాషించాను' లాంటి ముక్కలు రాసేదాన్ని. అది తలూపేది. మరుసటి వారం మళ్లీ చెంచాలే రాసేది.

సెప్టెంబరులో వానలు మొదలయ్యాక కారులో కూర్చోలేక నేనూ లోపలికి వెళ్లడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర అంకెలు నొక్కితే గాని తెరుచుకోదు. సందర్శకుల పుస్తకంలో నా పేరు రాసి, ఎవరి తాలూకు అన్నచోట మా అమ్మాయి తన పేరు రాసింది. పొడుగాటి వరండా, రెండు వైపులా సగం తెరిచిన తలుపులు. ఏ గదిలోనో ఒక మనిషి ఆగకుండా ఒకే మాట అంటుంటే, దాటి వెళ్లేవాళ్లెవరూ తల తిప్పేవాళ్లు కాదు. నేను కూడా మూడో వారానికల్లా తిప్పడం మానేశాను.

ఏడో గదిలో ఉన్నావిడ భూగోళం టీచరుగా రిటైరైంది. స్ట్రోకు వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట నెమ్మదించింది, పొగరు మాత్రం తగ్గలేదు. నేను కూర్చున్న ఐదు నిమిషాలకే కృష్ణానది ఎక్కడ పుడుతుందని అడిగింది. మహాబలేశ్వరం అన్నాను. పేపరు దిద్దుతున్నట్టు తలూపింది. ఈ ఊరంతా కూడలి కూడలికీ గుండ్రటి రౌండెబౌట్లు తప్ప ఏముందని నేనంటే, దారి తప్పినవాళ్లే ఆ మాట అంటారంది. ఈ దేశంలో ఏడేళ్లుగా నాకు సమంగా జవాబు చెప్పిన మనిషి దొరకలేదు. ఆవిడకీ అంతే అనుకుంటాను.

ఆవిడ మంచం పైన గోడకి ఒక కార్డు ఉండేది, దానిమీద కప్పు బొమ్మ. ఏది తాగించినా పౌడరు కలిపి చిక్కబరచాలని దానర్థం. ఆ మొదటి ఆదివారమే సిస్టర్ వచ్చి డబ్బాలోంచి పౌడరు తీసి నీళ్లలో కలిపి, చెంచాతో ఆవిడ నోటికి పెట్టింది. గ్లాసు వంచితే నీళ్లు ఒక ముద్దగా జారాయి. ముసలావిడ రెండు చెంచాలు మింగి మొహం తిప్పేసుకుంది. నావైపు చూసి, పోస్తుంటే చప్పుడయ్యే నీళ్లు తాగి నాలుగు నెలలైందని చెప్పింది.

నేను ఊరుకోలేదు. "సిస్టర్, దాహమన్న మనిషికి గంజి పోస్తారేంటి? అది కాటన్ చీరలకి పెట్టుకునేది" అన్నాను.

"గొంతు కండరం పనిచెయ్యదక్కా. పల్చటి నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది నేను చెప్పేది కాదు, స్పీచ్ థెరపిస్టు వచ్చి చూసి రాసింది."

"వాళ్లు రాస్తారు. వాళ్ల గొంతు ఎండట్లేదుగా."

సిస్టర్ నవ్వింది, నాతో వాదించేంత ఖాళీ ఆవిడకి లేదు. ఆ నవ్వుని నేను గెలుపుగా లెక్కేసుకున్నాను. అంటే చూడండి, నాకు తెలియక కాదు. కార్డు చదివాను. చెప్పవలసిన మనిషి నా భాషలో విడమరిచి చెప్పింది. లేబుల్ లేని సీసా ముట్టుకోనివ్వని దాన్ని, కళ్లెదుట ఉన్న లేబుల్‌ని పక్కన పెట్టేశాను.

రెండో ఆదివారం నా సంచిలో ఉన్న స్టీలు సీసా మూత తీసి, ఆ మూతలో నీళ్లు పోసి ఆవిడ పెదవుల దగ్గర పెట్టాను. పోస్తున్నప్పుడు చప్పుడైంది. ఆవిడ కళ్లు మూసుకుంది. మింగాక ఒకసారి దగ్గింది, చిన్న దగ్గు. తర్వాత మాట్లాడినప్పుడు ఆవిడ గొంతు తడిగా ఉంది, నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టు. కఫమేమోనని టిష్యూ అందించాను. పోయే ముందు ఎడం చేత్తో నా మణికట్టు పట్టుకుని, మంచి అమ్మాయివి అంది. నలభై నాలుగేళ్లకి ఆ మాట విని నేను కారు దాకా తేలిపోయాను.

మూడో ఆదివారం రెండు మూతలు. ఆ గదుల తలుపులు పూర్తిగా వెయ్యకూడదని నియమం. నేను కుర్చీ కొంచెం జరుపుకుని వరండాకి వీపు పెట్టి కూర్చున్నాను. దాన్నిబట్టే నాకు తెలుసని ఎవరైనా చెప్పగలరు. మంచి పని చేసేవాళ్లు కుర్చీ జరుపుకోరు.

ఆ వారం నోటుపుస్తకం దిద్దడానికి తీస్తే మూడో ఆదివారం పేజీ లేదు. కుట్టు దగ్గర సన్నటి చింపు మాత్రం కనిపించింది. ఏమైందని అడిగితే పాడైపోయింది, మళ్లీ రాస్తానంది. రాయలేదు. నేనూ అడగలేదు.

నాలుగో ఆదివారం నేను గదిలోకి వెళ్లేసరికి ఆవిడ నన్ను చూడలేదు, నా సంచిని చూసింది. ఆ చూపు నాకు నచ్చలేదు. అయినా ఇచ్చాను. అంతవరకూ ఇచ్చి ఆ రోజు మానేస్తే ఎందుకు మానేశావని అడుగుతుంది, దానికి జవాబు చెప్పాలంటే సిస్టర్ మాట ఒప్పుకోవాలి. దగ్గు ఈసారి ఒకటితో ఆగలేదు. ఆవిడ బుగ్గలు ఎర్రబడి, కళ్లలో నీళ్లు తిరిగి, మళ్లీ మామూలైంది. కృష్ణ గురించి ఏదో అడగబోయి మధ్యలో మర్చిపోయింది.

తిరిగి వస్తుంటే రౌండెబౌట్ దగ్గర మా అమ్మాయి అద్దంలోంచి బయటకు చూస్తూ, ఏడో గదావిడ గొంతు మారిందని, తాను సిస్టర్ ఆంటీకి చెప్పానని అంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషే. వాతావరణం మారుతోందిగా అన్నాను. నాలుగు రౌండెబౌట్లు అలాగే దాటాం. నేను మాట్లాడకుండా అంత దూరం కారు నడపడం అరుదు.

ఐదో ఆదివారం పొద్దున పొగమంచు. కారు ఆపుతుంటే సిస్టర్ బయట, చలికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉంది. మా అమ్మాయి లోపలికి వెళ్లింది. సిస్టర్ నన్ను ఆపింది.

శుక్రవారం ఏడో గదావిడకి జ్వరం ఎక్కువై, ఊపిరి అందక అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లారట. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగున తెల్లగా ఉందట. న్యుమోనియా. నోటి ద్వారా పోయిందేదో దారి తప్పడం వల్లే వచ్చిందని వాళ్ల అనుమానం. ఎవరు పౌడరు సరిగ్గా కలపలేదా అని మేనేజరు రోటా, అంటే డ్యూటీల పట్టీ, తీసి చూస్తే, ఎక్కువ షిఫ్టులు సిస్టర్‌వే. ఆవిణ్ణి ఆ వరుస గదులనుంచి తీసేశారు. ఆవిణ్ణి విచారించే ఇవాళ్టి మీటింగుకి మేనేజరు సెలవు మానుకుని వచ్చింది.

"నా రిజిస్ట్రేషన్ కాయితాలు ఇప్పుడే పంపించానక్కా. ఈళ్లొక్క మాట అటిటు రాశారంటే అంతే" అంది. తర్వాత కాస్త దగ్గరికి వచ్చి, "మీ పాప అన్నీ రాసుకుంటది గదా. నేనెన్ని చెంచాలు కలిపానో ఆ పుస్తకంలో ఉంటది గదా. అదొక్కటి చూపించమని చెప్పక్కా" అంది.

ఆ పుస్తకం నా సంచిలోనే ఉంది, స్టీలు సీసా పక్కన. చెంచాల లెక్కమీద నా ఎర్ర గీతలున్నాయి.

చెబుతానన్నాను. ఏం చెబుతానో అనలేదు.

లోపల ఏడో గదిలో మంచం మీద దుప్పటి తీసేశారు. కార్డు మీద కప్పు బొమ్మ అలాగే ఉంది. అమ్మాయి ఆ మంచం పక్కనే నిలబడి ఉంది. నేను తలుపు వేశాను, ఆ రోజు పూర్తిగానే వేశాను. సీసా సంగతి చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు. అప్పుడు నాకు అది వింతగా తోచలేదు, మన తొందరలో మనం ఉన్నప్పుడు ఇవేవీ తోచవు.

తర్వాత నేను నా అలవాటు ప్రకారం వాదించాను. మేనేజరు ఉత్తరం గురువారం ఇస్తానంది. ఇచ్చాక నేనే వెళ్లి మొత్తం చెబుతాను. నాలుగు రోజులే కదా. నువ్వు చేసింది కాదు, నన్ను లోపలికి తెచ్చింది నువ్వు కాబట్టి నిన్నూ కలుపుతారు. సిస్టర్‌ది మీటింగే, అందులో తేలేది ఏమీ ఉండదు. మూతెడు నీళ్లకే న్యుమోనియా వచ్చిందని ఎవరు నిరూపిస్తారు? తొమ్మిదో ఏటనుంచీ అనుకున్నది ఒక్క మాటతో పోగొట్టుకుంటావా? ఒక్కొక్కటీ విడిగా చూస్తే అన్నీ సబబుగానే ఉన్నాయి.

అది చివరిదాకా విన్నది. అప్పుడు ఇంగ్లీషులో, చాలా నెమ్మదిగా అంది: "అక్కడి డాక్టర్లకి ఇది తెలియదు, మమ్. చిక్కటి నీళ్లు కూడా ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని అనుకుంటారు. నోటి ద్వారా అన్నీ ఆపేస్తారు. ఆవిడకి గొట్టం పెడతారు. అబద్ధం మీద నిర్ణయం తీసుకుంటారు."

"నాలుగు రోజుల్లో ఏమవుతుంది?"

"నాకు తెలియదు. నీకూ తెలియదు."

చెయ్యి చాపింది. పుస్తకం ఇచ్చాను. సీసా కూడా అడిగింది. అదెందుకన్నాను. మూత ఎంత పడుతుందో వాళ్లు కొలవాలి అంది. అప్పుడు నాకు భయం వేసింది. దాని భవిష్యత్తు గురించి కాదు. మూతలో ఎన్ని నీళ్లు పడతాయో ల్యాబులో పనిచేసే నేను ఒక్కసారైనా ఆలోచించలేదని.

మేనేజరు గదిలో ఇద్దరం నిలబడ్డాం. అమ్మాయి చెప్పింది, నేను మధ్యలో అందుకోబోతే మేనేజరు నావైపు అరచెయ్యి చూపి ఆపింది. ఆవిడ ముందు ఆసుపత్రి వార్డుకి ఫోను చేసి, పల్చటి నీళ్లు ఇచ్చినట్టు, ఏ ఆదివారాలు, సుమారు ఎంత అని చెప్పింది. తర్వాత నోటుపుస్తకం తిరగేసింది. ఎర్ర గీతల కింద చెంచాలు చదవడానికి కళ్లజోడు పైకి నెట్టుకుంది. సిస్టర్‌ని లోపలికి పిలిచి, మీటింగు అవసరం లేదంది.

నన్ను ఇక ఆ గడప తొక్కవద్దంది. మా అమ్మాయి వాలంటీరు పని ఆ రోజుతో ముగిసిందంది. ఉత్తరం సంగతి అమ్మాయే అడిగింది. రాయాలనుకున్న ఉత్తరం ఇప్పుడు రాయలేనని, వేరే రకం ఉత్తరం రాయడం తనకి ఇష్టం లేదని మేనేజరు చెప్పింది. కోపంగా చెప్పలేదు. కోపంగా చెప్పి ఉంటే నాకు పట్టుకోవడానికి ఏదైనా దొరికేది.

వరండాలో సిస్టర్ మాకు ఎదురైంది. అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది. నావైపు తిరిగి, "మీరు చదువుకున్నోళ్లు గదక్కా" అంది. అంతే. తర్వాత చాలాకాలం ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఆ ఏడాది దరఖాస్తు పంపలేదు. అమ్మాయి స్కూలు ముగించి స్టీవెనేజ్‌లో ఇంకో కేర్ హోమ్‌లో జీతానికి చేరింది. చేరేముందే వాళ్లకి మొదటి చోట జరిగింది మొత్తం చెప్పిందట. మా ఆయన ఎందుకు చెప్పుకోవాలన్నారు. నేను వాదనకి దిగకపోవడం చూసి తండ్రీకూతుళ్లిద్దరూ కొంచెం భయపడ్డారు.

ముసలావిడ మూడు వారాల తర్వాత ఏడో గదికి తిరిగి వచ్చింది. నీళ్లు ఇంకా చిక్కగా కలపమన్నారట. నాకు ఇదంతా అమ్మాయి ద్వారా తెలిసేది. ఫిబ్రవరిలో మనవాళ్ల కొట్టులో కరివేపాకు ఏరుతుంటే సిస్టర్ పక్కన వచ్చి నిలబడి, ఏడో గదావిడ పోయారక్కా అంది. ఆవిడ నాతో మళ్లీ మాట్లాడటం అదే మొదలు. దేనివల్ల అన్నాను. ముసలితనం, స్ట్రోకు, చలికాలం అంది. నేను ఇంకోటి అడగబోతుంటే, "వద్దులెండక్కా" అని బుట్ట తీసుకుని వెళ్లిపోయింది. నేనడగబోయింది ఆవిడకి తెలుసు. తర్వాత అమ్మాయిని ఒకసారి అడిగాను. అది చెప్పలేమమ్మా అంది, ఇప్పుడు డాక్టరై వార్డుల్లో జనానికి చెప్పేటట్టే. అంత్యక్రియలకి అమ్మాయి వెళ్లింది. నేను వెళ్లే మొహం లేక కారులోనే ఉన్నాను.

రెండువేల పదహారులో దరఖాస్తు పంపితే, డిసెంబరులో దానికి మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూ వచ్చింది. నేనే తీసుకెళ్లాను. మూడు గంటలు కారు పార్కింగులో కూర్చుని, అద్దం మీద ఆవిరి తుడుస్తూ గడిపాను. బయటకు వచ్చి సీటు బెల్టు పెట్టుకుంటుంటే ఏం అడిగారన్నాను. మీరు చేసిన ఒక తప్పు చెప్పమన్నారంది.

తాళం తిప్పబోతూ ఆగాను. "నా సంగతి చెప్పావా?"

"కాదు. నాది చెప్పాను."

నీదేంటి అన్నాను. కారు స్టార్ట్ చెయ్యకముందే చెప్పింది. మూడో ఆదివారం ట్రే పట్టుకుని వరండాలో వస్తూ, కుర్చీ జరుపుకుని కూర్చున్న నన్ను, మూతని, ఆవిడ నోటిని చూసిందట. ఆ రాత్రి పుస్తకంలో రాసింది. మర్నాడు ఆ పేజీ చింపేసింది. నాలుగో ఆదివారం సిస్టర్‌తో గొంతు మారిందని మాత్రమే చెప్పింది, ఎందుకు మారిందో చెప్పలేదు. రెండు వారాలు. ఆ రెండు వారాల గురించే వాళ్లకి చెప్పిందట.

"నాకు ఎందుకు చెప్పలేదు? చెబితే నేను ఆపేసేదాన్నిగా" అన్నాను.

అది నావైపు తిరిగింది. దాని మొహంలో కోపం లేదు, నాకు అలవాటైన పంతం కూడా లేదు.

"చెబితే నువ్వు వాదించేదానివి," అంది. "గెలిచేదానివి కూడా."